పింఛను కాగితంలో ఎవరి పేరు వ్రాయవలె?



దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మన పెద్దలు చెప్పారు. విత్తనం, ఎరువు, నీటివంతు, కోత, నూర్పిడి, వీటన్నిటినీ రైతు ముందుగా ఆలోచించుకొంటాడు. కాని తన తదనంతరం ఇంటిల్లిపాదీ గతి ఏమిటన్న ఆలోచన మాత్రం రేపు చూద్దాం, మాపు చూద్దాం అని వాయిదా వేస్తూ ఉంటాడు. ఈవేళ మీతో ముచ్చటించదలచిన విషయం అటువంటిదే. మీలో చాలామంది వృద్ధాప్యపు పింఛను పథకాలలో చేరి నెలనెలా సొమ్ము కడుతున్నారు. ఆ కాగితంలో ఒక గడి ఉంటుంది. "నామినీ పేరు" అని ఉంటుంది. ఆ గడిలో ఎవరి పేరు ఉన్నది? సరిగ్గా ఉన్నదా? ఆ పేరు గల మనిషికి ఆ సంగతి తెలుసునా? ఈ మూడు ప్రశ్నలే ఈనాటి నా ప్రసంగం.

నామినీ అంటే ఎవరు? ఖాతాదారు కాలం చేస్తే ఆ సొమ్ము అందుకోవడానికి, ఖాతాదారు బ్రతికి ఉండగానే పేరు వ్రాసి ఉంచిన మనిషి. అంతే. మాట కొత్తదైనా పని పాతదే. పూర్వం మన పెద్దలు నలుగురిలో కూర్చుండి, "నా తరువాత ఇది ఫలానా వారి చేతికివ్వండి" అని చెప్పేవారు. ఇప్పుడు అదే మాట కాగితం మీద వ్రాయవలెను.

మొదట ఒక సంగతి చెబుతాను వినండి. ఊరు, పేరు మనకు అవసరం లేదు. ఒక యువ రైతు 2016లో, తనకు 25 ఏళ్ళప్పుడు, అటల్ పెన్షన్ యోజనలో చేరాడు. నెలకు 3,000 రూపాయల పింఛను కోరుకున్నాడు. అందుకు నెలకు 226 రూపాయలు అతని బ్యాంకు ఖాతాలోనుంచి పోతుండేవి. అప్పటికతనికి పెండ్లి కాలేదు. నామినీగా తల్లి పేరు వ్రాయించాడు. మంచిదే. 2018లో పెండ్లయింది. ఇద్దరు పిల్లలు పుట్టారు. 2021లో తల్లి పోయింది. కాగితం మాత్రం అలాగే ఉన్నది. 2024లో వానాకాలపు నాట్లు జరుగుతుండగా అతడు పోయాడు.

ఇంట్లో ట్రంకుపెట్టె తెరిస్తే బ్యాంకు పాసుపుస్తకం కనబడింది. నెలనెలా 226 రూపాయలు తీసినట్లు అందులో వరుసగా అచ్చుపడి ఉన్నది. అది బ్యాంకు వాళ్ళ ఖర్చు కాబోలు అనుకొన్నది ఆ ఇల్లాలు. ఆరునెలల తరువాత అన్న వెంటబెట్టుకొని వెళ్ళి అడిగితే గాని అది పింఛను కంతు అని తెలియలేదు. తీరా విచారిస్తే, కాగితంలో ఉన్న నామినీ మూడేళ్ళ క్రిందటే పోయింది. భార్య పేరు ఎక్కడా లేదు. ఇక చూడండి! కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం తహశీల్దారు కార్యాలయానికీ, అక్కడినుంచి బ్యాంకుకూ, బ్యాంకునుంచి మళ్ళీ మండలానికీ తిరిగింది. చంటిపిల్లను చంకన వేసుకొని, కూలి పోగొట్టుకొని తిరిగింది. చివరకు పని జరిగింది గాని ఏడాది పట్టింది. ఆ రైతు పెండ్లయిన మరునాడు కాకపోయినా, మరుసటి ఏడాదైనా, ఒక పూట తీరిక చేసుకొని బ్యాంకుకు వెళ్ళి ఉంటే ఈ తిరుగుడు ఉండేది కాదు.

ఇది ఒక ఇంటి సంగతి అనుకోకండి. కాలువలో నీరు నిండుగా ఉన్నా మన పొలానికి బోదె తీసి ఉండకపోతే మడి తడవదు గదా! నామినీ పేరు ఆ బోదె వంటిది.

ఇప్పుడు ఈ పింఛను సంగతి కొంచెం వివరంగా చెబుతాను. అటల్ పెన్షన్ యోజన 2015 మే 9న ప్రారంభమైంది. ఆ ఏడు జూన్ 1నుంచి అమలులోకి వచ్చింది. పి.ఎఫ్.ఆర్.డి.ఎ. అనే కేంద్ర ప్రభుత్వపు పింఛను నియంత్రణ సంస్థ దీనిని చూస్తున్నది. 18 ఏళ్ళు నిండి 40 ఏళ్ళు దాటని వారు, బ్యాంకులో గాని తపాలా కార్యాలయంలో గాని పొదుపు ఖాతా ఉన్నవారు చేరవచ్చును. ఆదాయపు పన్ను కట్టేవారు మాత్రం 2022 అక్టోబరు 1నుంచి కొత్తగా చేరడానికి వీలులేదు. 60 ఏళ్ళు నిండేదాకా కంతులు కట్టవలెను. తరువాత జీవించినంత కాలం నెలకు 1,000, 2,000, 3,000, 4,000, 5,000 రూపాయలలో తాము కోరుకున్న పింఛను వస్తుంది.

ఎంత చిన్న వయసులో చేరితే కంతు అంత తక్కువ. 5,000 రూపాయల పింఛనుకు 18 ఏట చేరినవారు నెలకు 210 రూపాయలు కడితే చాలును. 40వ ఏట చేరినవారు 1,454 రూపాయలు కట్టవలసి ఉంటుంది. నెలనెలా కట్టడం రైతుకు కష్టమనుకుంటే మూడు నెలలకొకసారి గాని, ఆరు నెలలకొకసారి గాని కట్టవచ్చును. పంట అమ్మిన చేతితోనే ఒక కంతు కట్టేసుకోవచ్చునన్నమాట. ఇందులో చేరడానికి భూమి పట్టా అక్కరలేదు. కనుక కౌలుదారులు, వ్యవసాయ కూలీలు, పాడి పెట్టుకొని బ్రతికేవారు, ఇంట్లో ఆడవారు, అందరూ వేరువేరుగా తమ పేర చేరవచ్చును.

ఇక్కడొక లెక్క మీరు గమనించవలెను. పథకం మొదలైనది 2015లో. అప్పుడు 40 ఏళ్ళ వయసులో చేరిన అందరికంటె పెద్దవానికి 60 నిండేది ఎప్పుడు? 2035లో. అనగా అప్పటిదాకా వయసు నిండి పింఛను అందుకొనేవారు ఈ పథకంలో ఎవరూ ఉండరు. ఈలోగా ఒక కుటుంబానికి ఈ పథకం అక్కరకు వచ్చేది ఎక్కువగా ఖాతాదారు మరణించినప్పుడే. "నాకింకా ముప్పయ్యేళ్ళే, నామినీ సంగతి ఇప్పుడెందుకు?" అని అంటారు కొందరు. అయ్యా, ముప్పయ్యేళ్ళ వాని ఇంటికే అది ఎక్కువ అవసరం. అరవయ్యేళ్ళ వాని పిల్లలు చేతికి అంది వస్తారు. ముప్పయ్యేళ్ళ వాని పిల్లలు పలక పట్టి ఉంటారు.

సరే, 60 ఏళ్ళు నిండకుండానే ఖాతాదారు కాలం చేస్తే ఏమవుతుంది? భార్యకు, లేదా ఖాతాదారు స్త్రీ అయితే భర్తకు, రెండు దారులున్నవి.

మొదటి దారి, ఖాతాను నిలుపుకోవడం. చనిపోయినవారు బ్రతికి ఉంటే వారికి 60 ఏళ్ళు ఎప్పుడు నిండేవో అప్పటిదాకా అదే కంతును భార్య కట్టుకుంటూ పోవచ్చును. ఖాతా ఆమె పేర నడుస్తుంది. గడువు తీరిన తరువాత, భర్తకు ఎంత పింఛను రావలసి ఉన్నదో అంతా ఆమెకు జీవితాంతం వస్తుంది. ఆమెకు తన సొంత పేరున వేరే అటల్ పింఛను ఖాతా ఉన్నా సరే, ఇది దానికి అదనంగానే వస్తుంది.

రెండవ దారి, అప్పటిదాకా పోగుపడిన సొమ్మును తీసుకొని ఖాతా మూసివేయడం.

ఇందులో ఏది మేలు? ఇందాక చెప్పిన రైతు లెక్కనే తీసుకుందాం. 226 రూపాయల చొప్పున ఎనిమిదేళ్ళు కట్టితే 21,696 రూపాయలు. దాని మీద వచ్చిన రాబడి కలిసి కొంత పెరుగుతుంది. రెండవ దారిలో ఆ మొత్తం చేతికి వస్తుంది. అదే మొదటి దారిలో అయితే, చనిపోయేనాటికి అతనికి 33 ఏళ్ళు కాబట్టి ఇంకా 27 ఏళ్ళు కంతు కట్టవలెను. అది 73,224 రూపాయలు. తరువాత నెలకు 3,000 రూపాయలు, అనగా ఏడాదికి 36,000 వస్తాయి. ఆమె తన చేతితో కట్టిన సొమ్ము ఇంచుమించు రెండేళ్ళ పింఛనులోనే తిరిగి వస్తుంది. ఆ తరువాత బ్రతికినన్నాళ్ళూ వచ్చేది మిగులే. భర్త పోయేనాటికి ఆమెకు 28 ఏళ్ళనుకుంటే, తన 55వ ఏటనే పింఛను మొదలవుతుంది. ఎందుకంటే లెక్క భర్త వయసును బట్టి గాని ఆమె వయసును బట్టి కాదు.

అయితే ఒక మాట దాచకుండా చెప్పవలెను. 27 ఏళ్ళ తరువాత 3,000 రూపాయలకు ఈనాటి విలువ ఉండదు. ఇంట్లో తిండికే జరగని స్థితిలో, పిల్లల చదువు ఆగిపోయే స్థితిలో ఉన్న ఇల్లాలు సొమ్ము తీసుకుంటే తప్పు పట్టవలసిన పని లేదు. కాని రెండు దారులున్నవని తెలిసి ఎంచుకోవడం వేరు, తెలియక ఒక దారిలో పడిపోవడం వేరు. సంతకం పెట్టేముందు, "అయ్యా, నేను కంతు కట్టి ఖాతా నిలుపుకోవచ్చునా?" అని బ్యాంకులో నోరు తెరిచి అడగండి. ఎవరో అప్పుల వాడు తొందరపెట్టాడని వ్రేలిముద్ర వేయకండి.

మరి 60 దాటి పింఛను తీసుకుంటూ ఉండగా ఖాతాదారు పోతేనో? అప్పుడు అదే పింఛను, ఒక్క రూపాయి తగ్గకుండా, భార్యకు గాని భర్తకు గాని వస్తుంది. వారు కూడా పోయిన తరువాత, 60 ఏళ్ళ నాటికి పోగైన మూలధనం నామినీకి చేరుతుంది. 1,000 రూపాయల పింఛనుకు 1 లక్షా 70 వేలు, 3,000 పింఛనుకు 5 లక్షలా 10 వేలు, 5,000 పింఛనుకు 8 లక్షలా 50 వేలు. ఇది సామాన్యమైన సొమ్ము కాదు. ఒక ఆడపిల్ల పెండ్లికీ, ఒక బోరుబావికీ, ఒక మనుమని చదువుకూ అక్కరకు వచ్చే సొమ్ము. ఇంత మొత్తం ఎవరి చేతికి వెళ్ళవలెనో ఆ చిన్న గడిలో వ్రాసిన పేరు చెబుతుంది.

ఇక రెండవ పథకం. 2019లో సన్నకారు, చిన్నకారు రైతుల కోసం ప్రధానమంత్రి కిసాన్ మాన్‌ధన్ యోజన వచ్చింది. 2 హెక్టార్లు, అనగా ఇంచుమించు ఐదెకరాలదాకా సాగుభూమి ఉండి, 2019 ఆగస్టు 1 నాటికి రాష్ట్రపు భూమి రికార్డులలో పేరున్న రైతులకు ఇది వర్తిస్తుంది. చేరే వయసు ఇక్కడ కూడా 18నుంచి 40. 18 ఏట చేరితే నెలకు 55 రూపాయలు, 29వ ఏట చేరితే 100, 40వ ఏట చేరితే 200. మీరెంత కడితే కేంద్ర ప్రభుత్వం అంత జోడిస్తుంది. 60 నిండిన తరువాత నెలకు 3,000 రూపాయలు. ఈ నిధిని జీవిత బీమా సంస్థ నిర్వహిస్తున్నది. పీఎం కిసాన్ సొమ్ము వస్తున్నవారు కంతును అందులోనుంచే మినహాయించుకొమ్మని చెప్పవచ్చును.

ఈ రెండు పింఛన్లూ ఒకటేనని చాలామంది భ్రమపడుతున్నారు. మరణానంతరపు లబ్ధి విషయంలో చాలా తేడా ఉన్నది. జాగ్రత్తగా వినండి. మాన్‌ధన్‌లో 60 దాటి పింఛను తీసుకుంటూ రైతు పోతే, భార్యకు సగం, అనగా 1,500 రూపాయలు కుటుంబ పింఛనుగా వస్తుంది. అదీ ఆమె స్వయంగా ఆ పథకంలో సభ్యురాలు కానప్పుడే. ఈ కుటుంబ పింఛను భార్యకు, లేదా భర్తకు మాత్రమే. కొడుకులకు, కూతుళ్ళకు లేదు. ఇద్దరూ పోయిన తరువాత మూలధనం తిరిగి నిధిలోకే పోతుంది. అటల్ పింఛనులో వలె పిల్లల చేతికి రాదు.

60 లోపుగా రైతు పోతే మాత్రం ఇక్కడ కూడా భార్య కంతులు కట్టి కొనసాగించవచ్చును, లేదా రైతు కట్టిన సొమ్ము వడ్డీతో సహా తీసుకోవచ్చును. భార్య లేని రైతు అయితే ఆ సొమ్ము నామినీకి చేరుతుంది. కాబట్టి, పెండ్లి కాని రైతు, భార్య గతించిన రైతు మాన్‌ధన్‌లో నామినీ పేరు మరీ జాగ్రత్తగా చూసుకోవలెను.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. ఎవరి పేరు వ్రాయవలె?

పెండ్లయినవారికి అటల్ పింఛనులో భార్య గాని భర్త గాని తమంత తామే నామినీ అవుతారు. అయినా వారి పేరు, ఆధార్ వివరం కాగితంలో చేరి ఉండవలెను. చేరలేదంటే ఆ మనిషి ఉన్నట్లు బ్యాంకుకు ఎట్లా తెలుస్తుంది? పెండ్లి కానివారు తల్లి పేరో, తండ్రి పేరో, చెల్లెలి పేరో వ్రాయవచ్చును. కాని పెండ్లయిన వెంటనే భార్య వివరం బ్యాంకుకు ఇచ్చి తీరవలెను. అది నియమం. పెండ్లి ఖర్చుల లెక్కలో దీన్ని కూడా ఒక పనిగా వ్రాసి పెట్టుకోండి. కొత్త కోడలి పేరు ఆధార్‌లోను, రేషను కార్డులోను మార్పించే రోజునే ఈ పని కూడా చేయించండి.

భార్య గతించినవారు, నామినీ గతించినవారు ఆలస్యం చేయకుండా కొత్త పేరు ఇవ్వండి. భర్త పోయి ఖాతా తన పేర నడుపుకుంటున్న ఇల్లాలు కూడా, ఆ రోజే తన నామినీ పేరు వ్రాయించుకోవలెను. చాలామంది ఇక్కడే మరచిపోతారు.

చిన్న పిల్లల పేరు వ్రాయవచ్చునా అని అడుగుతారు. వ్రాయవచ్చును. కాని 18 ఏళ్ళు నిండని పిల్లల పేరు వ్రాసినప్పుడు, వారి తరఫున సొమ్ము అందుకొనే సంరక్షకుని పేరు కూడా తప్పక వ్రాయవలెను. ఆ సంరక్షకుడు నమ్మదగిన మనిషై ఉండవలెను. పిల్లవానికి 18 నిండిన తరువాత వెళ్ళి ఆ వివరం సరిచేయించుకోండి.

పేరు ఎట్లా వ్రాయవలె అన్నది కూడా చిన్న విషయం కాదు. మన పల్లెల్లో ఒక మనిషికి మూడు పేర్లుంటాయి. బారసాలనాడు పెట్టిన పేరు ఒకటి, పుట్టింటివారు పిలిచే ముద్దుపేరు ఒకటి, అత్తవారింట పిలిచేది మరొకటి. ఆధార్‌లో వెంకటలక్ష్మి, బ్యాంకులో లక్ష్మి, పింఛను కాగితంలో లక్ష్మమ్మ! ఇంటిపేరు ఒకచోట పుట్టింటిది, మరొకచోట మెట్టినింటిది. బ్రతికి ఉండగా ఇదేమీ అడ్డు రాదు. సొమ్ము అడిగేనాడు మాత్రం "ఈ ముగ్గురూ ఒక్కరేనని ఋజువు తెండి" అంటారు. కనుక ఆధార్ కార్డు దగ్గర పెట్టుకొని, అందులో ఉన్న ప్రకారం ఇంటిపేరుతో సహా అక్షరం పోకుండా వ్రాయించండి. పుట్టిన తేదీ కూడా సరిచూసుకోండి. వ్రాసిన తరువాత చదివి వినిపించమనండి. చదువు రానివారు సిగ్గుపడవలసిన పని లేదు. సొమ్ము మీది, అడిగే హక్కు మీది.

ఇంకొక పొరపాటు. "నా బ్యాంకు ఖాతాకు నామినీ ఉన్నదండీ, ఇంక పింఛనుకు వేరే ఎందుకు?" అంటారు. ఒక్కొక్క కాగితానికి ఒక్కొక్క నామినీ. బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు ఆ ఖాతాలో మిగిలిన సొమ్ముకే. బ్యాంకు డిపాజిట్లకు 2025 నవంబరు 1నుంచి నలుగురిదాకా పేర్లు వ్రాసుకొనే వీలు వచ్చింది గాని, ఆ పేర్లు పింఛనుకు వర్తించవు. అలాగే ఏడాదికి 436 రూపాయలు కట్టే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు నామినీ వేరు. తెలంగాణలో 2018 ఆగస్టులో వచ్చిన రైతు బీమాకు నామినీ వేరు. ఇంట్లో ఎన్ని కాగితాలున్నవో అన్నీ ఒక రోజు ముందు పెట్టుకొని, ప్రతి ఒక్కదానిలో ఎవరి పేరున్నదో చూసుకోండి.

నామినీకీ వారసునికీ ఉన్న తేడా కూడా తెలిసి ఉండవలెను. నామినీ అయినంత మాత్రాన సొమ్ముకు సొంతదారు అయినట్లేనా? అన్ని సందర్భాలలో కాదు. 1984లో ఒక బీమా సొమ్ము తగాదాలో సుప్రీంకోర్టు, నామినీ సొమ్ము అందుకొనే మనిషి మాత్రమేనని, వారసుల హక్కు అంతటితో పోదని చెప్పింది. 2015లో బీమా చట్టాన్ని సవరించి, భార్యాభర్తలు, బిడ్డలు, తల్లిదండ్రులు నామినీలైనప్పుడు వారికే హక్కు ఉండేటట్లు చేశారు. అది బీమా సంగతి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా పోయిన పురుషుని స్వార్జితంలో భార్య, కొడుకులు, కూతుళ్ళు, తల్లి మొదటి వరుస వారసులు. కనుక భార్యాబిడ్డలు ఉండగా వారిని కాదని తమ్ముని పేరో బావమరిది పేరో వ్రాసి తగాదాకు విత్తనం వేయకండి. "వాడైతే వ్యవహారం తెలిసినవాడు" అని మీరు మంచికే వ్రాయవచ్చును. రేపు ఆ మంచే రెండిళ్ళ మధ్య గోడ అవుతుంది. వ్యవహారం తెలియని ఇల్లాలికి వ్యవహారం నేర్పండి గాని, ఆమె పేరు తీసివేయకండి. ఆస్తి పంపకం మీ ఇష్టప్రకారం జరగవలెనంటే దానికి వీలునామా ఉన్నది. నామినీ గడి వీలునామా కాదు.

పేరు వ్రాయడం ఒక పని. సరిగ్గా వ్రాయడం రెండవ పని. వ్రాసిన సంగతి ఇంట్లో చెప్పడం మూడవ పని. మన మగవారు ఎక్కువగా తప్పేది ఈ మూడవదే. పింఛనులో చేరిన సంగతి టీ కొట్టు దగ్గర స్నేహితులకు చెబుతారు గాని ఇంట్లో భార్యకు చెప్పరు. అడిగితే, "శుభమా అని కూర్చుంటే చావు మాట ఎందుకు?" అంటారు. అయ్యా, పొలానికి కంచె వేస్తే పశువులు వచ్చి పడతాయా? రాకుండా ఉండటానికే గదా వేస్తాం! చెప్పినంత మాత్రాన ఆయుష్షు తరగదు. చెప్పకపోతే మాత్రం ఇల్లాలికి కష్టం పెరుగుతుంది.

చెప్పవలసినవి నాలుగే మాటలు. ఏ పథకంలో చేరారో, ఏ బ్యాంకు ఏ శాఖలోనో, ఖాతాకిచ్చిన 12 అంకెల ప్రాన్ నంబరు ఎంతో, కాగితం ఇంట్లో ఎక్కడున్నదో. ఈ నాలుగూ ఒక చీటీ మీద వ్రాసి పట్టాదారు పాసుపుస్తకంతో పాటు పెట్టండి. ఆ పుస్తకాన్ని ఏ ఇంట్లోనూ ఎవరూ పారవేయరు.

ఆపద వచ్చినప్పుడు ఇంటివారు చేయవలసినదేమిటో కూడా చెబుతాను. మరణం సంభవించిన 21 రోజులలోగా పంచాయతీ కార్యదర్శి దగ్గర నమోదు చేయించవలెను. మరణ ధ్రువపత్రం తీసుకోవలెను. పెద్దదినం హడావిడిలో ఈ పని మరచిపోతే తరువాత చాలా తిప్పలు. ఆ పత్రం, ప్రాన్ వివరం, భార్య లేదా నామినీ ఆధార్, వారి బ్యాంకు పాసుపుస్తకం తీసుకొని ఖాతా ఉన్న బ్యాంకు శాఖకు వెళ్ళి, ఖాతా నిలుపుకొంటారో, మూసివేస్తారో తెలుపుతూ ఫారం ఇవ్వవలెను. ఇచ్చిన ప్రతి కాగితానికీ ఒక నకలు దగ్గర ఉంచుకొని, అందినట్లు ముద్ర వేయించుకోండి. నామినీ లేకపోయినా, పేరు కలవకపోయినా సొమ్ము పోదు. కాని వారసులమని ఋజువు చేసుకోవడానికి తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం వంటివి తేవలసి వస్తుంది. ఆ తిరుగుడు తప్పించడానికే ఇంత చెబుతున్నాను.

విస్తరణ కార్యకర్తలకు కూడా ఒక మనవి. తెలంగాణలో వ్యవసాయ విస్తరణాధికారులు, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ వ్యవసాయ సహాయకులు, ఊరూరా తిరిగే బ్యాంకు మిత్రలు, మీరు రైతుల గడపలు తొక్కేవారు. ఎంతమందిని చేర్పించామన్న లెక్క పై అధికారులు అడుగుతారు. ఎంతమంది నామినీ పేర్లు సరిగ్గా ఉన్నవో మీరు మీ మనస్సాక్షికి లెక్క చెప్పుకోండి. ఫారం నింపేటప్పుడు ఆ గడిని తొందరలో ఏదో ఒక పేరుతో నింపి పంపవద్దు. వీలైతే ఆ ఇంటి ఇల్లాలిని పిలిచి, "అమ్మా, నీ పేరు ఇందులో వ్రాస్తున్నాం, చూసుకో" అని చెప్పండి. డ్వాక్రా సంఘాల సమావేశంలో నెలకొకసారి ఈ ప్రస్తావన తెస్తే, ఆడవారే ఇంటికి వెళ్ళి కాగితాలు బయటకు తీయిస్తారు. పెండ్లి జరిగిన ఇల్లు, మరణం జరిగిన ఇల్లు, ఈ రెండిటినీ ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోండి. నామినీ మార్చవలసిన అవసరం వచ్చేది ఎక్కువగా ఆ ఇళ్ళలోనే.

సోదరులారా! పాతికేళ్ళు, ముప్పయ్యేళ్ళు పొదుపు చేయడమంటే మాటలు కాదు. ఎండనక వాననక కష్టపడి, పిల్లల నోటి దగ్గరి నుంచి కొంత మిగిల్చి కట్టే సొమ్ము అది. దానికి గమ్యం చూపించేది ఒక్క పేరు. ఈ ప్రసంగం విన్న తరువాత రేపు ఉదయమే పొలానికి బయలుదేరేముందు మీ పెట్టె తెరవండి. పింఛను కాగితం తీయండి. అందులో ఉన్న పేరు ఇల్లాలికి చదివి వినిపించండి. ఆమె చదువుకున్నదైతే ఆమె చేతనే చదివించండి. ఆ పేరు ఆమెదే అయితే, అక్షరాలు సరిగ్గా ఉంటే, నిశ్చింతగా పొలానికి వెళ్ళండి. కాకపోతే ఆ రోజు పొలానికి ఒక పూట ఆలస్యమైనా ఫరవాలేదు. ముందు బ్యాంకుకు వెళ్ళండి.